నోట్లె ఊరు

ఈ ఊరి పేరు ఆలి.
మన తాన ఆలంటె పెండ్లాం,
బహ్రెయిన్ల ఆలంటె గోరీలు.
కుండలు గాల్చే బట్టీల ఎనక, విల్లాల నడుమ,
నాలుగు వేల ఏండ్ల సంది
బోర్లిచ్చిన గంపల లెక్క మన్ను గుట్టలు.

పొద్దుగాల నాలుగింటికి బస్సు.
పదకొండు దాటితె పని బంద్.
ఎండ పాత పీనుగలకు గూడ మంచిది గాదంటది
మునీరా డాక్టరమ్మ.

షఫీక్ జల్లెడ ఊపుతడు, నేను ఏరుతా.
గవ్వ. పెంకు. గవ్వ. మ్యాక ఎముక.
అండ్ల ఒక్క పన్ను పడ్డదంటె
తెగిపోయిన పుస్తె దొరికినట్టే ఆమెకు.

సగం అరబ్బీల, సగం హిందీల చెప్తది.
పన్ను పుచ్చిందా, ఖర్జూరాలు దండిగ తిన్నడు.
చెవి తొర్రల బొక్క పెరిగి దారి పూడిందా,
నీళ్లల్ల మునుగుడే వాని బతుకు.
పంటి మీద సన్నటి అడ్డగీత ఉంటె
మూడో ఏట కరువన్న పడ్డది, జరమన్న వచ్చింది.
ముందరి పండ్లు ఒక పక్కకే అరిగినామె
తాడు పండ్ల వట్టి పేనింది.
"మరి పేరో?" అన్న.
"పేరు మెత్తటిది, ముందు అదే కుళ్లుతది" అన్నది.

నా పేరు ముత్యాలు.
మా అవ్వ మొక్కి పెట్టుకున్నది.
నా నోరు జూసినోడెవ్వడు నమ్మడు.
మర్రిగూడ బోరింగు నీళ్లు
పండ్ల మీద తుప్పు గీతలు గీసినయి.
క్యాంపుల నన్ను గుట్కా అంటరు.
వక్కపలుకు గూడ ముట్టనోన్ని.
నవ్వొస్తె చెయ్యి దానంతట అదే నోటికి అడ్డమొస్తది.

బుధవారం నాడు పదిహేడో గుట్టల
ఒకామె దొరికింది.
కుడి పక్కకు ఒరిగి, మోకాళ్లు ముడుసుకోని,
చేతులు మొఖం కాడ పెట్టుకోని.
బ్రష్షుతోని మెల్లగ దులిపిన.
గోధుమ రంగు పండ్లు. సున్నపు మచ్చలు.
అడ్డం గీతలు.

"మన్ను రంగు పట్టింది" అన్నది డాక్టరమ్మ.
"కాదమ్మ" అన్న.

పదకొండేండ్లల్ల ఈ దేశంల
ఎవ్వలకూ ఆ మాట అనలే.
ఆమె తలకాయెత్తింది.
నేను చెయ్యి తీసి నోరు తెరిసిన.

టార్చి నా నోట్లె.
టార్చి గామె నోట్లె.
మళ్ల నా నోట్లె.
షఫీక్ జల్లెడ ఆపిండు.

మెడ కాడ మన్ను తీయిస్తె
పూసకు పూస అంటుకోని, ఒక్కటే కర్ర.
గట్లనే ఉండె మా మేనత్త చిన్నాయి.
తల తిరగకపోయేది,
పిలిస్తె మనిషంత తిరిగేది.
గీమెను గూడ ఎవలో పిలిచే ఉంటరు ఎనక నుంచి,
బిందె సంకనెత్తుకోని
కాళ్లతోని సహా తిరిగే ఉంటది.

"బొక్క పదేండ్లకు కొత్తదైతది," చెప్పింది డాక్టరమ్మ,
"పన్ను మారదు.
చిన్నప్పుడు తాగిన నీళ్లే అండ్ల గడ్డకట్టి ఉంటయి."
పదకొండేండ్లు.
అంటె నా బొక్కలు ఇప్పుడు ఉప్పు తీసిన సముద్రానివి,
సిత్రా క్యాంపు పప్పుది, కుబ్బూసుది.
రేపెవ్వడన్న నన్ను తవ్వితె
మెడ కింద ఒక దేశం, దౌడల ఒక దేశం.
ఏ వీసా కింద రాసుకుంటడో!

ఫోటో దీస్తనన్నది. దవడ పక్కన చిన్న స్కేలు పెట్టి
"పేరేం రాయాలె?" అన్నది.
"ముత్యాలు."
"అంటే?"
"లూలూ."
"సూపర్ మార్కెట్టా?" అన్నడు షఫీక్.
నవ్విన.
చెయ్యి మాత్రం స్కేలు పట్టుకోని ఉండె.

గామెకు పేరు లేదు. పదిహేడు బై రెండు.
పదకొండు గొట్టింది.
మీద తెల్లగుడ్డ కప్పి
గాలికి లేవకుంట అంచులకు రాళ్లు పెట్టి
బస్సెక్కినం.