పట్టినవారు

గంట్యాడ నుంచి బస్సులో, హార్లిక్స్ సీసాలో తెచ్చింది పైడమ్మ.
మెడ మీద వాత పెట్టినట్టు చార.
సీసాలో చీమకంటే కాస్త పొడుగు నేరస్తుడు.

కుట్టదమ్మా ఇది, నలిపితే ఒలికే రసం అంతే,
అన్నాను, భూతద్దం వదలకుండా.
నల్లటి తల, కందిపప్పు రంగు రొమ్ము,
పొట్టి రవిక లాంటి పైతొడుగు.
దాని కింద అసలు రెక్కలు
అగ్గిపెట్టెలో చీర మడిచినట్టు.
బతికుండగా తోక ఎత్తి తిరిగిందట, తేలు వేషంలో.
మీసం కణుపులు లెక్కపెట్టాను: పదకొండు.
మళ్ళీ మొదలెట్టాను. ఏడు దగ్గర కరెంటు పోయింది.

"ఏటి బాబూ దీని పేరు?"

ఇంటిపేరు చెప్పగలను.
అసలు పేరు తేలాలంటే మగదాన్ని కోసి
లోపలి కొక్కెం వంపు చూడాలి.
నువ్వు తెచ్చింది ఆడది.

చీకట్లో నవ్వింది. చార సలిపిందేమో, ఆగింది.
"పురుక్కి కూడా మొగోడి పేరేనేటి!"

ముక్కోణపు అట్టముక్క, చుక్క జిగురు,
కింద వేలిగోరంత చీటీ:
గంట్యాడ, మడిగట్టు, వీధిలైటు, కార్తీకం.
పేరు దగ్గర ఖాళీ.
పట్టినవారు: గేదెల పైడమ్మ.

గేదెల,
పుట్టింటిదో అత్తింటిదో
అడగలేదు.