కేసింగు పైపు

చెంగల్రాయుడి బోరు
ఎనిమిదొందల అరవై అడుగులు దిగి
దుమ్ము కక్కింది.
పైకి లాగిన ఇనుప కేసింగు పైపు
ఒక తుండు మా షెడ్డుకు తెచ్చి
"నిలువునా చీల్చు ఖాజాపీరూ" అన్నాడు.

చీల్చినా. కాళ్లు అతికించినా.
పైన సైకిలు పుల్లలు వరసగా పరిచి
వెల్డింగు చుక్కలు పెట్టినా.
కూలి అడగలా.
పొట్టేలు పక్కటెముకల్లో నాకు నాలుగన్నాడు.

పలమనేరులో మే నెల.
పొద్దు గుంకినా పెరటి గోడ చల్లారలా.
తోతాపురి కొమ్మలు నిప్పులైనాక
ఎముకలు అడ్డంగా పేర్చి
నల్లబెల్లం, చింతపులుసు, దంచిన మిరక్కాయ, తెల్లగడ్డ
కొబ్బరిపీచు కుంచెతో పూస్తా ఉండాడు.
కొవ్వు బొట్టు రాలినప్పుడల్లా
మంట తల ఎత్తి చూసి పోతాది.

"తిప్పు." "ఇప్పుడే తిప్పొద్దు." "మాడిపాయె, మాడిపాయె."
చేయి కాల్చుకోనోళ్లంతా వంటోళ్లే.
కన్నెమ్మ మాత్రం
కమ్మలు లేని చెవుల మీదికి కొంగు లాక్కుని
మాట్లాడకుండా విసరతా ఉంది.

అంతలో మబ్బు.
లావు చినుకొకటి
సరిగ్గా పైపులో పడింది.
చుయ్.
ఇంకోటి.
బోరుబండి కాడ మూడు రాత్రులు
చెవి ఆనించి కూర్చున్న మనిషి
పట్టకారు పట్టుకుని అట్లే నిలబడిపాయె.

"నీళ్లు పడినాయి ఖాజాపీరూ."

నవ్వాల్నా వద్దా అని మేం చూసేలోగా
కన్నెమ్మే నవ్వేసింది.
"పడినాయిలే. ముందు ముక్కలెత్తు, తడిసిపోతాయి."

నా నాలుగూ వానలోనే తింటి.
ఒక పక్క మాడినాయి.
చెప్పలా.