పందొమ్మిది గంటలు

కర్రిల్ తీరంలో ఆటు వేళ.
మోకాళ్ళ దాకా బురదలో ఎరుందీనా
పళ్ళకర్రతో సముద్రం అడుగు దువ్వుతోంది,
కదలకుండా కూర్చోని పిల్ల తల దువ్వినట్టు.
నేను గట్టు మీద, మడత బల్ల ముందు.
గొడుగు సూక్ష్మదర్శినికి. వాన నాకు.

ఆల్చిప్పలకు ఆమె దగ్గర నాలుగు పేర్లున్నాయి:
నున్నది, గరుకుది, దొంగది, మా అత్త.
అత్త ఎందుకంటే
కత్తి పెట్టినా నోరు విప్పదు.

"తొందరగా" అంటాను ప్రతిసారీ.
చిప్ప కడుపులో ఒక గాజు కవ్వం ఉంటుంది,
సూది కంటే కాస్త లావు.
తిన్నదాన్ని చిలుకుతూ తిరుగుతూనే ఉంటుంది.
నీళ్ళలోంచి తీసి కొన్ని గంటలు ఊరుకుంటే
కరిగిపోతుంది,
అసలు లేనే లేనట్టు.

ఆ కవ్వంలోనే నా బాక్టీరియాలు.
మెలికలు, మెలికల్లో మెలికలు.
మరమేకు అందామంటే, మరమేకు ఎక్కడో దిగి ఆగుతుంది.
ఇవి గాజులో ఈదుతాయి.
ఒంటి వెంట జారే పలచని పొరను చూసి
ఎవరో ఎప్పుడో లాటిన్లో తురాయి చుట్ట అన్నారు.
అది ప్రజాతి పేరు, ఇంటిపేరు లాంటిది.
సొంత పేర్ల దగ్గరే చిక్కు.

నియమం ఇది:
కొత్త జాతి అనాలంటే
బతికున్నవాటిని పెంచాలి,
రెండు దేశాల్లో రెండు చోట్ల భద్రపరచాలి.
ఇవి గాజుపళ్ళెంలో బతకవు.
పదకొండేళ్ళు. ఉప్పు మార్చాను, చక్కెర మార్చాను,
చీకటి మార్చాను,
ఆల్చిప్పల కషాయం కాచి పోశాను, ప్రయోగశాల కంపుకొట్టేలా.
బతకలేదు.
అలాంటివాటికి మేం "అభ్యర్థి" అని తగిలించి వదిలేస్తాం.
పిలుపు రాని ఉద్యోగానికి
వరండాలో బల్ల మీద కూర్చున్నవాళ్ళలా.

ఎరుందీనా చేతులు తుడుచుకుని కంటద్దం మీద వంగింది.
చాలాసేపు చూసింది.
"ఊరుకోవే, గట్టి పిల్లలు!"
తర్వాత, తల ఎత్తకుండానే:
"పేరు రావాలంటే ఎంతసేపు బతకాలట?"

గంటల లెక్క కాదని చెప్పబోయాను.

"మాకు ఇరవై నాలుగు" అంది.
"అప్పటి చట్టం. అంతకు ఒక్క గంట తగ్గినా
పుట్టినట్టు లెక్క కాదు.
గుమాస్తా మంచివాడే, కుర్చీ కూడా వేశాడు.
కాగితం మాత్రం వేరే కట్టలో పెట్టాడు.
పేరుకు గడి లేని కాగితం.
మావాడు పందొమ్మిది."

కత్తి నీళ్ళలో జాడించింది.
పోటు మొదలైంది, దూరంగా ఆడవాళ్ళు ఒకరినొకరు కేకేసుకుంటున్నారు.
అద్దం కింద కవ్వం మసకబారింది,
చుట్టలు ఒక్కొక్కటే నిదానించాయి.
నేను పద్దులో తేదీ రాశాను, వేళ రాశాను, నీటి వేడిమి రాశాను.

పేరేమిటని నేను అడగలేదు.
బకెట్ తుంటి మీదికి ఎత్తుకుంటూ ఆమే చెప్పింది,
నున్నది, గరుకుది అన్నంత మామూలుగా.
ఫ్రోయ్లాన్.

తడిసిన కాగితం, పెన్సిల్ సరిగా పట్టలేదు.
అంచులో రాసుకున్నాను.