చీపురు బండి

సైకిల్ పందెమోళ్ళు నా టెంపోని
ఒక ఆదివారానికి మాట్లాడుకున్నారు.
అందరికన్నా వెనక రావల్లంట.
బండికి ఒక చీపురు కట్టల్లంట.

ఎందుకు మేడం, అంటి.
హెబ్బాళ ఫ్లైఓవర్ కింద చలికి చేతులు రుద్దుకుంటా
ఆ పిల్ల చెప్పింది:
నూరేళ్ళ కిందట ఫ్రాన్సులో
కొండలెక్కలేక కూలబడినోళ్ళను ఏరుకోను
పందెం వెనకాలే ఒక బండి వచ్చేదంట.
దానికి చీపురు కట్టేవాళ్ళంట.
అప్పట్నుంచి కడాబండి పేరే చీపురు బండి.

కొత్తది కొనిస్తామన్నారు.
వద్దు, మా ఇంట్లో ఉంది, అంటి.

మాయమ్మ ఓబుళమ్మ.
మడకశిర నుంచి వచ్చి ముప్పై ఏండ్లు,
వయ్యాలికావల్లో నాలుగు వీధులు ఆమెవి.
మేస్త్రీతో కన్నడం, చెత్తతో తెలుగు.
"ఊడ్చని చీపురా?
బొట్టు పెట్టి మొక్కుతారా యేంది?"
అంటానే ఇచ్చింది.
అరిగిన పక్క పైకి పెట్టి కట్టమనింది.

దేవనహళ్ళి దాటినాక దొరికినాడు కడాటి మనిషి.
కొడగాయన, బోపయ్య,
యాభై పైనే.
పిక్క పట్టేసి
సైకిల్‌ని పట్టుకుని నడస్తా ఉన్నాడు.
ఎక్కండి సార్, అంటి.
తల అడ్డంగా ఊపినాడు.

ద్రాక్షతోటల నడమ
మొదటి గేరులో నేను,
ముందర ఆయన వీపు,
అద్దంలో అమ్మ చీపురు.
రెండు కిలోమీటర్లు ఎవరమూ మాట్లాడలేదు.

కడాకు ఎక్కినాడు.
చీపురు పక్కనే కూర్చుని
పిడికి చుట్టిన నల్ల రబ్బరు తడిమి
"ఇది సైకిల్ ట్యూబే కదా" అన్నాడు.
అవును సార్, ఈనెలు జారకుండా అమ్మ కట్టుకునింది.
ఇంకేం అడగలేదు.
నంది కొండ కింద దిగేదాకా
చెయ్యి మాత్రం దాని మీదే ఉంది.

రాత్రి చెప్తి:
"అమ్మా, ఆ దేశంలో చీపురంటే
ఎవర్నీ దోవలో వదిలిపెట్టమని."
అమ్మ చీపురు తిరగేసి
నేలకు రెండు దెబ్బలు తట్టి
ఈనెలు సమం చేసుకునింది.
"ఆయప్పకు నీళ్ళిచ్చినావా?"
ఇచ్చినా.
"సరే, పండుకో."

తెల్లారి ఐదుంబావు.
హాజరు మిషన్లో వేలు పెట్టను అమ్మ పోతాంది.
మలుపు కాడ మోకాలు పట్టుకుని
రవ్వంతసేపు నిలబడింది.
వెనక ఏ బండీ లేదు.

గూట్లో తాళం చెవి తీసుకుంటి.
ఎక్కదని తెలుసు.
మొదటి గేరులోనే పోనిస్తి.