మూత

సోమవారం సాయంత్రం బ్యాగు ఉతుకుదామని బోర్లిస్తే
పెన్సిల్ పొట్టు, విరిగిన స్కేలు, ఎండిన కమలాపండు తొక్క,
చివరికి
ఒక స్టీలు మూత.
మాది కాదు.
మా ఇంట్లో డబ్బాలన్నీ ప్లాస్టిక్‌వి, నీలంవి,
నొక్కితే టక్కున మూసుకునేవి.

ఇది పాతది. అంచు సొట్ట.
మధ్యలో చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు:
పి. తిమ్మక్క, మడకశిర.
ఏ పెళ్ళిలోనో ఎవరో చదివించిన డబ్బా తాలూకు మూత
బెంగళూరులో హొరమావు దాకా ఎలా వచ్చిందో,
నా కొడుకు సంచిలోకి ఎందుకు వచ్చిందో.

"దొరికింది" అన్నాడు సాకేత్.
తర్వాత "ఆడుకుంటున్నాం" అన్నాడు.
ఆ తర్వాత ఏమీ అనలేదు,
సాక్సు అంచు వేలికి మెలిపెట్టుకున్నాడు.

వాడితో వ్యానులో వెళ్ళే పై ఫ్లాటు పిల్ల ఫిర్దౌస్
లిఫ్టు దగ్గర నా చున్నీ పట్టుకుని చెప్పింది:
"ఆంటీ, అది ఓబులేశుది. కోటా సీటు అబ్బాయి.
మూడు వారాలైంది.
పేరు చెబితేనే మూత ఇస్తామన్నారు.
వాడికి పేరు తొందరగా రాదు."
ఆగి, నేల చూసి,
"నేనూ నవ్వాను" అంది.

మూడు వారాలు!
ఆ డబ్బా మీద ఏం కప్పి పంపుతోందో వాళ్ళమ్మ.
పారేసుకొచ్చావా అని ఎన్ని దెబ్బలు వేసిందో
వాడు జవాబు చెప్పబోయేలోపు.

"ఏమని ఏడిపించారు? చేసి చూపించు" అన్నాను కోపంగా.
చూపించాడు.
ఓ... ఓ... ఓబ్...
గడ్డం ముందుకు చాచి, కళ్ళు టపటపలాడించి,
గాలి మింగుతున్నట్టు.
ఎంత బాగా చేశాడో!
నా వెన్ను చల్లబడింది.
ఆ గడ్డం నాది.

పోయిన ఎండాకాలం బోరు ఎండిపోయినప్పుడు
నీళ్ళ ట్యాంకరు మునియప్పకి రోజూ ఫోన్ చేసేదాన్ని.
ఆయన "ట్యాం... ట్యాం..." దగ్గరే ఆగిపోయేవాడు.
భోజనాల దగ్గర నేనది చేసి చూపించేదాన్ని.
మా ఆయనకి నవ్వి నవ్వి పొలమారేది.
అత్తయ్య వద్దు వద్దంటూనే మళ్ళీ చెయ్యమనేది.
కాలేజీ రోజుల నుంచీ నాకు మిమిక్రీ వచ్చని పేరు.
సాకేత్ ముద్ద చేతిలోనే పట్టుకుని
నా నోరే చూసేవాడు.

అప్పుడు వాడు నేర్చుకున్నది నత్తి కాదు.
ఒకడు తడబడితే
ఇంటిల్లిపాదీ దగ్గరవుతారని.

బడివాళ్ళు గోడకి పోస్టరు అంటించారు,
రెండు చేతులు కలిసిన బొమ్మ, కింద నినాదం.
నా వంటింటికి ఎవరు అంటిస్తారు?

మంగళవారం మూత తోమాను. తిమ్మక్క మెరిసింది.
వాణ్ణి వెంటబెట్టుకుని కల్కెరె రోడ్డు వెనక
కడుతున్న అపార్టుమెంటు దగ్గరికి వెళ్ళాను.
సిమెంటు బస్తాల పక్కన రేకుల గది.
వాళ్ళమ్మ డబ్బా కడుగుతోంది.
బండ మీద ఒక పాలకవరు, రెండు రబ్బరు బ్యాండ్లు
ఆరేసి ఉన్నాయి.
మూత చూసి, అవ్వ పేరు మీద బొటనవేలు రాసింది.
నన్నేమీ అడగలేదు. "కూసోండక్కా" అంది.
అడిగితే బాగుండేది.

రేకు తలుపు వెనక నుంచి ఓబులేశు చూస్తున్నాడు.
"నీ పేరేంటి నాన్నా" అన్నాను, తెలిసీ.
అడగకూడదేమో. అడిగేశాను.

ఓ...
కాంక్రీటు మిక్సరు తిరుగుతోంది.
ఓ...
పై అంతస్తులో ఎవరో ఇటుక పడేశారు.
ఓ...
అందించబోయి నాలుక కరుచుకున్నాను.
పక్కన సాకేత్ పెదాలు కదిలాయి,
వెక్కిరించడానికో, సాయం పట్టడానికో,
కన్నదాన్ని, నాకే తెలియలేదు.
వాడి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.
ఓబులేశు.

అంతే. ఎంతసేపు పట్టిందని?
ఒక ముద్ద నమిలి మింగేంత.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఎవరూ నవ్వలేదు.
వేరే దేనికి నవ్వుకోవాలో మాకింకా తెలీదు.
ఫోన్ మోగింది. మునియప్ప.
"ట్యాం..." అన్నాడు.
స్పీకరు పెట్టలేదు. ఆగాను.
సాకేత్ నా ముఖం చూస్తున్నాడు.