కొమ్ము లేని చుక్క

మా ఆయన ఎవరింటికెళ్లినా
ముందు మనుషుల్ని పలకరించడు.
కిటికీ దగ్గరికి పోయి, వేలు తడిచేసుకుని
గాజుని తడుముతాడు.
నున్నటి వైపేదో గరుకు వైపేదో
తేల్చుకున్నాకే "బాగున్నారా" అంటాడు.
ఒనోమిచిలో, ఈ మెట్ల వీధుల్లో
అందరికీ అలవాటైపోయింది.
ఇరవయ్యారేళ్లయినా నాకే కాలేదు.

నోబుఎ గారి వంటింటి జరుపుడు తలుపుకి
నాలుగు గాజులు.
మొన్నటి తుఫానుకి ఒకటి పోయింది.
మిగతా మూడింటినిండా
ఎవరో ఉప్పు చల్లి మరిచిపోయినట్టు చుక్కలు.
"రాత్రి ఆకాశం" అన్నాడు మా ఆయన,
చిన్నప్పుడు తప్పిపోయిన తమ్ముడి పేరు చెప్పినట్టు.
ఇప్పుడెవరూ చెయ్యరట.
అచ్చు వేసిన రోలర్లు ఎప్పుడో తుక్కులో కరిగాయట.

పల్చటి కాగితం పరిచి
పెన్సిలు అడ్డంగా పట్టి రుద్దాడు.
కాగితం మీద ఒక్కో చుక్కా పొడిచింది.
టార్చి ఏటవాలుగా వేశాడు, మందం కొలిచాడు,
చుక్కకీ చుక్కకీ ఎడం బెత్తెడా జానెడా
గొణుక్కుంటూ పోయి, ఒకచోట ఆగాడు.

ఆ చుక్కకి ఒక కొమ్ము లేదు.
పక్క గాజులో ఇంకో చుక్కకీ లేదు.
అదే కొమ్ము.
రోలరుకి ఎప్పుడో తగిలిన దెబ్బ.
తిరిగినప్పుడల్లా
అదే మాట మళ్లీ చెప్పుకుంది.

ఆయన లెక్కల్లో ఉండగా
నోబుఎ గారు నాకు టీ పోసింది.
"ఉత్త గాజు వేయిస్తానన్నాడు మా అల్లుడు.
వద్దన్నాను.
ఉత్త గాజైతే వచ్చేదెవరో తెలిసిపోతుంది.
పక్కింటి కుర్రాడు పక్కింటి కుర్రాడే.
ఇందులోంచైతే
తలుపు జరిపేదాకా
నీలం చొక్కా ఒకటి వస్తోంది, అంతే."
ఆయన షిప్‌యార్డులో చేసేవాడు.
నేను కప్పు తిప్పుతూ కూర్చున్నాను.

ఆ రాత్రి మా షెడ్డులో దీపం ఆరలేదు.
కూల్చిన ఇళ్లలోంచి ఏరుకొచ్చిన పలకలు,
ఎండుటాకులవీ, రాతిగోడవీ, గడ్డిపువ్వులవీ
ఒక్కొక్కటే దించాడు.
చుక్కలవీ దొరికాయి.
పాపం, వాటికి కొమ్ములన్నీ ఉన్నాయి.
"చుక్కలు చుక్కలే కదా,
ఎవరొచ్చి లెక్కపెడతారు?" అన్నాను.
ఆయన చూసిన చూపుకి
మళ్లీ నోరెత్తలేదు.

తెల్లారుజామున మరుగుదొడ్డిలోంచి కేక.
పామేమోనని చీపురు పట్టుకుని పరిగెత్తాను.
పంట్లాం సరిగా బిగించుకోకుండానే
తలెత్తి నిలబడి ఉన్నాడు.
మామగారు మిగులు ముక్కతో బిగించిన కిటికీ.
పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ
రోజూ దానికెదురుగా కూర్చున్నవాడే!
మూలన, దుమ్ము వెనక, కొమ్ము లేని చుక్క.
ఒకే పలకని ఆ ఇంటికీ ఈ ఇంటికీ కోసింది
ఒకే చెయ్యి.

పట్టీలు ఊడదీస్తుంటే
"మరి మనకో?" అన్నాను.
దినపత్రిక అంటించాడు.
వెలుగు రావచ్చు, చూపు రాకూడదు,
కిటికీ ధర్మం అంతేనట.
ఇప్పుడు రోజూ నేను
పోయిన నెల ఆటుపోట్ల వేళలు చదువుకుంటాను.

బిగించాక చూస్తే
చుక్కలు తలకిందులయ్యాయి.
మళ్లీ తీస్తానని స్క్రూడ్రైవరు ఎత్తాడు.
నోబుఎ గారు ఆయన చెయ్యి పట్టుకుని దించింది.
నన్ను బయటికి పంపింది.
"మెట్టు దగ్గర్నుంచి నడిచి రా" అంది.
నడిచాను.
"కాస్త నెమ్మదిగా" అంది లోపల్నుంచి.
మళ్లీ నడిచాను.
నా స్వెట్టరు ఊదారంగు.
కొండ కింద సముద్రం మీంచి చలిగాలి కొడుతోంది.
లోపల ఏ చప్పుడూ లేదు.

మూడోసారికి
నేనడక్కుండానే, పెరటి దారిన చుట్టి వచ్చి
మా ఆయన తన పనికోటు విప్పి అందించాడు.
అది నీలం.