తెగాల్సిన పట్టీ

కొట్టం గోడకి తొమ్మిది మేకులు.
ఎనిమిదింటికి హాల్టర్లు.
తొమ్మిదోదాని సంగతి తర్వాత చెబుతాను.

ఆస్లా ఒక్కోటీ దించి వాసన చూస్తుంది,
ఉప్పుగాలికి తోలు బిరుసెక్కిందేమోనని.
"ఇది కళ్ళెం కాదు, గుర్తుంచుకో.
నోట్లో ఇనుము ఉండదు.
ముక్కు మీదొక పట్టీ, చెవుల వెనకొక పట్టీ.
మిగతాదంతా నీ మర్యాద."

టిర్రిక్ నా నడుము దాటడు.
సముద్రం మీది పిట్ట పేరు పెట్టుకున్నందుకు
నేల మీదే ఎగురుతుంటాడు.
పెద్ద గుర్రం హాల్టర్ తొడిగితే
అన్న చొక్కాలో తమ్ముడు.
ముక్కుపట్టీ జారి జారి
ఎముక లేని మెత్తటి చోట,
సరిగ్గా ఊపిరి మీద కూర్చుంది.
గొర్రెది బిగుతు. దూడది వదులు.
ఊరు మొత్తం గాలించినా
వాడి మొహానికి సరిపడే కొలత ఎవరి దగ్గరా లేదు.

బుగ్గ ఎముక దిగువన రెండు వేళ్ళ మేర వదిలి పట్టీ,
పట్టీ కింద దూరేలా మళ్ళీ రెండు వేళ్ళు.
ఎవరి వేళ్ళు, అన్నాను.
చెయ్యి చాపి చూపించింది:
నలభై ఏళ్ళు హెర్రింగ్ చేపలు కోసిన చెయ్యి,
అల్లం కొమ్ముల్లా కణుపులు.
"నీవి. నావి దూరేంత వదులుంటే
తలకాయ కూడా దూరిపోతుంది."

ముడుల తాడు హాల్టర్ మాత్రం నాకివ్వలేదు చాలా రోజులు.
సన్నని తాడు చిన్న మాట కూడా అరిచి చెబుతుందట.
లాగడం ఎవరికైనా వచ్చు,
వాడు అరడుగు ముందుకేసిన క్షణాన
నీ చెయ్యి మెత్తబడిందా లేదా, అదే చదువు.
నా చెయ్యి ఎప్పుడూ ఆలస్యమే.
టిర్రిక్ ఓపికపట్టాడు, నాకంటే ఎక్కువ.

అక్టోబరు. అడ్డంగా కురిసే వాన.
బయట వాణ్ణి పట్టుకోవడానికే
ముప్పావుగంట పట్టింది ఆ సాయంత్రం.
రేపు మళ్ళీ ఈ పరుగు ఎవరు పెడతారని
నీలం నైలాన్ హాల్టర్ అలాగే ఉంచి
మైదానంలోకి వదిలేశాను.
తలుపు గడియ వేశాను, అది బాగా గుర్తుంది.

తెల్లారేసరికి రాతిగోడ పక్కన పడున్నాడు.
చెవి దురదపెట్టి గోక్కుని ఉంటాడు,
వెనక గిట్ట పట్టీలో దూరింది.
నైలాన్ తెగదు.
కొట్టువాడు దాన్ని అమ్మేటప్పుడు చెప్పిన గొప్ప కూడా అదే.
ఎంతసేపు అలా మూడు కాళ్ళతో
తన మొహాన్ని తనే తన్నుకున్నాడో
చుట్టూ దున్నినట్టున్న బురద చెప్పింది.

ఎర్టీ ఉన్ని కత్తెర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.
ఆస్లా వాడి మెడ మీద పడుకున్నంత పని చేసి కోసింది.
నన్నొక్క మాట అనలేదు.
అని ఉంటే బాగుండేది.

మూడు వారాలు కుంటాడు.
ఆ మూడు వారాలూ నేను తోలు కుట్టడం నేర్చుకున్నాను.
చెవుల వెనక పట్టీ కావాలనే పలచగా,
ప్రాణం మీదికొస్తే ముందు అదే తెగేలా.
గట్టిదనం అంటే తెగకపోవడమే అనుకునేదాన్ని
అప్పటిదాకా.

తొమ్మిదో మేకుకి నీలం ముక్కలు రెండు.
ఎవరూ తీయరు.

ఇప్పుడు ప్రతి సాయంత్రం
బకిల్ విప్పి ఉత్త మొహంతో వదులుతాను.
వెనక్కి చూడకుండా పారిపోతాడు, దొంగవెధవ.
పొద్దున పట్టుకోవడానికి ఇప్పటికీ ముప్పావుగంట.
పట్టనీ.